సత్యానందం గారి సర్వే

డాక్టర్ సత్యానందం గారికి మీరు ఏ సంగతి చెప్పినా ఆయన అడిగేది ఒకటే: "ఎంతమందిని అడిగావు?" ప్రాక్టీసు మానేసి ఆరేళ్లయింది గానీ ఈ అలవాటు మాత్రం మానలేదు. అమెరికాలో, అరోరా ఊరి తెలుగు చర్చిలో ఒకావిడ బిర్యానీలో ఉప్పెక్కువైందంటే, వరసలో ఉన్న ముప్ఫై నలుగురినీ ఆయన అడిగొచ్చారు. "ఎక్కువన్నవాళ్లు తొమ్మిది మంది. అందులో నలుగురు బీపీ మనుషులు, తీసేశాను." ఈలోగా బిర్యానీ చల్లారిపోయింది.

"పెళ్లిచూపులయ్యాక నేను నచ్చానని చెప్పడానికి మూడు వారాలు తీసుకున్నారు. మా వీధంతా అడిగొచ్చారట!" అంటారు ఆయన భార్య క్రిస్టినా.

జూన్‌లో ఓ ఆదివారం, ప్రార్థన అంశాలు చెప్పే వేళ దెబోరా లేచింది. "మా అమ్మాయి పర్సిస్ మెడికల్ స్కూల్‌కి అప్లై చేస్తానంటోంది. రీసెర్చ్ లేకపోతే సీటు రాదట. ప్రార్థించండి."

సంఘమంతా కళ్లు మూసుకుని పర్సిస్‌కి ఒక ల్యాబ్ దయచేయమని వేడుకుంది. పర్సిస్ తలెత్తలేదు. రెండేళ్లుగా నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లకి స్నానాలు చేయిస్తోంది, అన్నం తినిపిస్తోంది. అది మానేసి ఏడాది ల్యాబ్‌లో చేరమని ఇంట్లో ఒకటే పోరు. తనకేమో ఈ ఏడే అప్లై చెయ్యాలని.

ఆమెన్ అనగానే వెనక వరసలోంచి గొంతు. "దెబోరమ్మా, ఎంతమందిని అడిగావు?"

"మా వదిన చెప్పిందన్నయ్యా."

"డాక్టరా?"

"ఇళ్లు అమ్ముతుంది."

మూడు వారాలు ఆయన ఫోన్ వదల్లేదు. తర్వాత కాగితంతో దెబోరా ఇంటికొచ్చి కూర్చున్నారు. "అరవై ఇద్దరు డాక్టర్లు. ఇండియాలో చదివినవాళ్లని తీసేశాను, నాతో సహా. మిగిలింది నలభై ఒకరు. రీసెర్చ్ చేసి వెళ్లినవాళ్లు ఇరవై తొమ్మిది, చెయ్యకుండా వెళ్లినవాళ్లు పన్నెండు."

పర్సిస్ ముఖం వాడిపోయింది. "ఎక్కువమందికి ఉంది కదా, అంకుల్."

"ఉంది. ఉంటే మంచిదే, అబద్ధమెందుకు? రీసెర్చ్‌కే పేరున్న కాలేజీలైతే గట్టిగా అడుగుతాయి. ఇంకోటి, సీటు రానివాళ్లని నేను అడగలేదు. అది నా సర్వేలో లోపం. కానీ లేకపోతే రాదన్న మాట మాత్రం తప్పు."

పర్సిస్ ల్యాప్‌టాప్ తెరిచింది. రీసెర్చ్‌కి పేరున్న కాలేజీలు నాలుగింటిని లిస్ట్‌లోంచి కొట్టేసింది. "పన్నెండు మంది వెళ్లారు. నేను పదమూడు అవుతా." దెబోరా వారించేలోపే సబ్మిట్ నొక్కేసింది.

సెప్టెంబర్‌లో ఒకే ఒక్క ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. ఆ వారమే ఫోన్. "నేను డాక్టర్ నమ్రతనమ్మా, నేపర్‌విల్ నుంచి. శనివారం వస్తావా? ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయిస్తాను."

"నా నంబర్ మీకెలా తెలుసు, ఆంటీ?"

"పిలుపొచ్చిందని చెప్పి సత్యానందం గారే ఇచ్చారు. ఆయన సర్వేలో ఆఖరి ప్రశ్న నీ గురించే. 'రీసెర్చ్ లేని మొండిపిల్ల ఒకతి ఉంది. పిలుపొస్తే కూర్చోబెట్టి నేర్పిస్తారా?' అని. నాలాగా ల్యాబ్ మొహం చూడకుండా వెళ్లిన పన్నెండు మందిమీ సరేనన్నాం."

పర్సిస్ పన్నెండు మంది దగ్గరికీ వెళ్లింది. మార్చిలో సీటొచ్చింది. ఆ ఆదివారం పార్కింగ్‌లో ఆయన కారుకి అడ్డంగా నిలబడింది.

"అంకుల్, ఆఖరి ప్రశ్న నాకు చూపించలేదు మీరు."

సత్యానందం గారు తాళం కోసం జేబులన్నీ వెతికారు. తాళం చేతిలోనే ఉంది.

"అదా... అది ఇంకా పబ్లిష్ చెయ్యలేదమ్మా."