గోడవతలి మామిడికాయలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నన్ను మంచిర్యాలలో గుమాస్తాగా వేశారు. మా కృష్ణా జిల్లా నుంచి అలా వచ్చిన కుటుంబాలు ఐదు. వెతికి వెతికి ఐదిళ్లూ ఒకే వీధిలో అద్దెకు తీసుకున్నాం. బియ్యం మా ఊళ్ల నుంచి, కాఫీ పొడి బెజవాడ నుంచి. సాయంత్రం ఆఫీసు వదిలితే ఐదుగురమూ ఒకే అరుగు మీద పేకాట. నాలుగేళ్లలో ఆ ఊళ్లో నేను బాగా ఎరిగినవి రెండే, రైలు స్టేషనూ పోస్టాఫీసూ. అయినా "ఈ ఊళ్లో ఏముందండీ!" అని తీర్పు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు.

అన్నిటికన్నా పెద్ద వ్యవహారం ఆవకాయ. ఏటా వేసవిలో నూజివీడు నుంచి కాయలు రైల్లో పార్సెలు వచ్చేవి. ఒక్కో ఏడు ఒక్కొక్కరి పూచీ. ఆ ఏడు నా వంతు. ఐదిళ్ల ఏడాది ఆవకాయ నా చేతిలో ఉందని వారం ముందు నుంచే గొప్పలు పోయాను.

పార్సెలు రసీదు టపాలో వచ్చింది. చొక్కా జేబులో పెట్టుకుని పేకాటకి కూర్చున్నాను. ఆ పూట ముక్కలు బాగా పడ్డాయి, మర్నాడూ పడ్డాయి. నాలుగో రోజు చొక్కా చాకలికి వేయబోతూ మా ఆవిడ రసీదు తీసి నా ముఖం ముందు పెట్టింది. స్టేషనుకు పరుగెత్తాను. ఆ ఎండలకి సగం కాయలు పండిపోయాయి, సగం కుళ్లిపోయాయి.

"నలుగురిలో తలెత్తుకోలేనే!" అని పెరట్లో కూలబడ్డాను. మా ఆవిడ పైకి చూపించింది. పక్కింటి మామిడికొమ్మ గోడ మీంచి మా పెరట్లోకి వంగి ఉంది, నిండా కాయలతో. నాలుగేళ్లుగా దాని నీడన బట్టలారేసుకుంటున్నాం. ఆ కాయలకి పులుపుండదని వచ్చిన ఏడే తేల్చేశాం, ఒక్కటీ కొరికి చూడకుండా.

పక్కింట్లో ఉండేది ఒంటరి ముసలామె. వీధి వీధంతా ఆమెను అవ్వ అనేది. మా ఆవిడ వెళ్లి అడగ్గానే కర్ర పట్టుకొచ్చి తనే కాయలు దులిపింది, మాతో కూర్చుని ముక్కలు కొట్టింది. లేచి వెళ్తూ నాతో అంది:

"గీ చెట్టు మా ఇంటాయన పెట్టిండు సారూ. గీ కాయ అసుంటిది యాడ లేదని ఊరంత చెప్పుకుంట తిరుగుతుండె. ఆయన పోయినంక అడిగెటోడే లేడు. మీవోళ్లకు ఒక్క మాట చెప్పుండ్రి, గివి మా చెట్టు కాయలని. గంతే."

"తప్పకుండా అవ్వా" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

ఆవకాయ ఊరాక, ఆదివారం ఐదిళ్ల వాళ్లమూ మా పెరట్లోనే భోజనాలకు కూర్చున్నాం. వేడన్నం, నెయ్యి, కొత్తావకాయ. మాలో పెద్దాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. "ఇదయ్యా పులుపంటే! మన నేల మహిమ! ఈ ఊరి చెట్లకి జన్మలో వస్తుందా?" అన్నారు. అందరూ అవునవునన్నారు.

మా ఆవిడ నా వంక చూసింది. నా నోట్లో ముద్ద ఉంది. మింగాను. నోరు ఖాళీ అయ్యాక "నూజివీడు కాయ మరి!" అన్నాను. ఎవరూ అడగలేదు. నాకై నేనే అన్నాను.

గోడవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

రాత్రంతా సిగ్గుతో దొర్లాను. తెల్లారగానే గిన్నెడు ఆవకాయ పట్టుకుని వెళ్లాను. అవ్వ వేలితో తీసి నాలిక మీద వేసుకుంది.

"మంచిగుంది సారూ" అంది. "మీ దిక్కు కాయలు గింత పుల్లగుంటయా?"

"కాదవ్వా, ఇవి మీ చెట్టువే" అన్నాను.

"నాకెర్కనే గద" అని గిన్నె కడిగి తిరిగి నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం ఎలాగైనా చెప్పేయాలని అరుగు దగ్గరికి నడిచాను. దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాను కూడా. నన్ను చూడగానే నలుగురూ జరిగి చోటిచ్చారు. నా ముక్కలు అప్పటికే పంచేసి ఉన్నాయి. కూర్చుని ఆడాను.