ఇంటి నుంచి బోణీ

జూలై 9, బుధవారం. దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోడలు పనిచేసే చీరల దుకాణం. ఉన్నవాళ్లు: యజమాని, గల్లాపెట్టె దగ్గర ఆయన తల్లి, మా కోడలు, నేను.

నా భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. రోజూ పొద్దున ఫిజియోథెరపీ. ఆమెను లేపి నిలబెట్టడం నా ఒక్కడి వల్ల కాదు. క్యాబ్ నడిపే మా అబ్బాయి తెల్లవారకముందే డ్యూటీకి పోతాడు. అందుకని, అత్తగారు మళ్లీ నడిచేదాకా మధ్యాహ్నం నుంచి వస్తానని అడగాలనుకుంది కోడలు. కాదంటే ఉద్యోగం మానేయాల్సిందే. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కేటప్పుడే నాకు చెప్పింది: "మామయ్యా, మీరు ఊకె కూసోండ్రి. నేనే మాట్లాడుత."

కూర్చున్నాను.

యజమానివాళ్లు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. "నీకిస్తే రేపు పనిలో ఉన్న మిగతా ఇద్దరూ అడుగుతారమ్మా," అన్నాడాయన.

"అడగనీయుండ్రి సార్. ముగ్గురం సర్దుకుంటం. రాత్రి షట్టర్ దించేదాక నేనుంట."

ఆయన మెత్తబడ్డాడు. తల్లి మాత్రం ఒప్పుకోలేదు. ఆ దుకాణంలో రోజూ మొదటి చీర మా కోడలి చేతనే అమ్మిస్తారు. ఆమె చేతి బోణీ అయితేనే ఆ రోజు బేరాలు బాగా సాగుతాయని పెద్దావిడ నమ్మకం.

"పొద్దున్నే బోణీ ఎవరు చేస్తారే? వీడా?" అంది కొడుకును చూపిస్తూ.

"నేనే చేస్త అమ్మా, ఇంటికాడికెల్లి. రాత్రి పోయేటప్పుడు నాలుగు చీరలు తీస్కపోత. పొద్దుగాల గిరాకీలకు వీడియో కాల్‌ల సూపిస్త."

"డబ్బు మీ ఇంట్లో పడితే అది మీ బోణీ అవుద్ది. మాదెట్టా అవుద్ది?"

"పైసలు మా ఇంట్ల పడయి. వాళ్లు ఫోన్‌ల కొడితే మీ ముందటి డబ్బానే చెప్తది, ఇంత ఒచ్చిందని."

పెద్దావిడ బల్ల మీది స్పీకర్ డబ్బాను అనుమానంగా చూసింది. "తొలి నోటు కళ్లకద్దుకుంటాం. ఇప్పుడేం అద్దుకోను?"

"డబ్బానే అద్దుకోండ్రి. కరెంటు కొట్టదు."

యజమాని నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"రేపు చూద్దాం," అంది పెద్దావిడ. "బోణీ కాలేదో, ఎల్లుండి నుంచి మామూలు టయానికే."

నేను బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేసి రిటైరైనవాణ్ని. డ్యూటీ మార్చమని వచ్చినవాళ్లు ఎంత అవసరమున్నా తల వంచుకునే అడిగేవారు. మా కోడలు తనకేం కావాలో చెప్పింది, బదులుగా తానేం చేస్తుందో కూడా చెప్పింది. తిరుగు మెట్రోలో నిలబడే వచ్చాను. కాళ్ల నొప్పి తెలియలేదు.

మర్నాడు పొద్దున ఫిజియోథెరపీ అయ్యాక కోడలు నల్గొండలోని ఒక టీచరమ్మకు ఫోన్ చేసింది. రంగు బాగుంది కానీ కట్టుకుంటే ఎట్లుంటదో అని ఆవిడ నసిగింది.

"ఆగండ్రి, మా అత్తమ్మ మీదేసి సూపిస్త."

కోడలు చెయ్యందిస్తే నా భార్య వాకర్ పట్టుకుని లేచింది. నేను వెనక నిలబడ్డాను. భుజం మీద పచ్చని కొంగుతో, టీచరమ్మ సరే అనేదాకా, ఆమె కూర్చోలేదు.

కాసేపటికి యజమాని నాకు వీడియో కాల్ చేశాడు. పెద్దావిడ స్పీకర్ డబ్బాను రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకుంటోంది. "అమ్మా, వైరు ఊడుద్ది," అంటున్నాడాయన.

ఆవిడ వినిపించుకోలేదు. డబ్బా దించి, ఫోన్‌లోకి చూసి నాతో అంది: "అన్నం తినే రమ్మనండి దాన్ని. తొందరేం లేదు."