చీటీల్లో లేని నొప్పి

ఈ రోజు మా అన్న కూతురిని ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మూడేళ్లుగా పీసీఓడీకి మందులు వాడుతోంది. ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లినా అన్నో నేనో పక్కన కూర్చుని మాట్లాడతాం. పాత చీటీలన్నీ నా చేతిలోనే ఉన్నాయి.

"నెలసరి ఎన్నాళ్లకొకసారి వస్తాందమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది.

"రెండు నెలలకు" అన్నాను నేను.

"మిమ్మల్ని అడగలేదన్నా. కాసేపు బయట కూచోండి."

పావుగంట తర్వాత, పిల్ల సరేనన్నాక నన్ను లోపలికి పిలిచింది. నెలసరి వచ్చినప్పుడల్లా పిల్ల రెండు రోజులు మంచం దిగదట. వాంతులు చేసుకుంటుందట. నొప్పికి తాళలేక ఒక పరీక్ష కూడా వదిలేసిందట. ఏ చీటీలోనూ ఆ మాట లేదు. పీసీఓడీ వల్ల నెలసరి క్రమం తప్పుతుంది గానీ, ఇంత నొప్పికి వేరే కారణం ఉండొచ్చు, అది చూడాలి అని డాక్టరమ్మ చెప్పింది. మూడేళ్లుగా ఎవరూ చూడలేదు.

తిరుగు బస్సులో అడిగాను. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"యాడ చెప్పాల చిన్నాయనా? నువ్వూ నాయనా ఎప్పుడన్నా బయట కూచున్న్యారా?"

పాతికేళ్లుగా విలేకరిగా ఊరందరినీ ప్రశ్నలడిగి బతుకుతున్నాను. ఇంట్లో పిల్లను అడగడం మాత్రం ఈ రోజే మొదటిసారి. తను ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను.

మీ ఇంటి ఆడపిల్ల డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీరెక్కడ కూర్చుంటారు? మగవాళ్లే కింద రాయండి. రాసే ముందు ఆ పిల్లను ఒకసారి అడగండి.