మూడో పాదం చివర

డెబ్బైల్లో నేను రోజూ ఉయ్యూరు నుంచి గవర్నర్‌పేటకి బస్సులో వెళ్ళి, ఒక ఆఫీసులో టైపు కొట్టి, సాయంత్రం మళ్ళీ బస్సులో నిలబడి ఇల్లు చేరేదాన్ని. చక్కెర ఫ్యాక్టరీ క్రషింగు రోజుల్లో చెరకు బళ్ళు రోడ్డుకి అడ్డం పడితే ఇల్లు చేరడం కూడా దైవాధీనమే. ఇలా ఒళ్ళు హూనమై ఉండగా, డిసెంబరు రాగానే చర్చి వాళ్ళకి నేను గుర్తొచ్చేదాన్ని. క్రిస్మస్‌కి కొత్త పాట కావాలి. మా పేటలో పాట కట్టేది నేనొక్కదాన్నే, నా ఖర్మ.

నేను కట్టేది మాటలే. బాణీ మా ఆఫీసు కిందున్న రికార్డుల కొట్టుది. కొట్టువాడు పొద్దస్తమానం సినిమా పాటలు వేసేవాడు. వాటిలో కాస్త నెమ్మదైనదాన్ని పట్టుకుని, ప్రియురాలున్న చోట పశువుల పాక పెట్టి, చందమామ ఉన్న చోట తూర్పు చుక్క పెట్టి ఇచ్చేసేదాన్ని. భజనల వాళ్ళూ అదే చేసేవాళ్ళు, ఎవరూ తప్పనుకోలేదు. కాకపోతే పాట మొదలవగానే వెనక వరస కుర్రాళ్ళు హీరోలా భుజాలు ఎగరేసేవాళ్ళు. పాస్టరుగారు కూడా నవ్వుతూ, “ఏమ్మా, ఈసారి ఏ సినిమా?” అనేవారు. సరదాకే అనేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఒక ఏడు ముందుగానే మొదలుపెట్టి మొండికేశాను. పగలంతా ఎవరో చెప్పిన మాటలు టైపు కొట్టడమేగా, ఈ ఒక్క పాటైనా పూర్తిగా నాది కావాలనుకున్నాను. కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు చెవులు మూసుకునేదాన్ని. చూసినవాళ్ళు ఏమనుకున్నారో.

ఒక సాయంత్రం కంకిపాడు దాటాక, కమ్మీ పట్టుకుని నిలబడే కునికిపాట్లు పడుతుంటే, బాణీ దానంతటదే వచ్చింది. ఏ సినిమాలోనూ లేదు. ప్రాణం లేచొచ్చింది. కానీ మూడో పాదం చివర ఒక ఖాళీ ఉండిపోయింది. అక్కడ “యేసయ్యా” పెట్టాను, నిలవలేదు. “హల్లెలూయ” పెడితే ఇంకా అధ్వాన్నం. పాట అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కదిలేది. నాలుగు వారాలు దానితో కుస్తీ పట్టి, విసుగొచ్చి ఆ ఖాళీని అలాగే వదిలేశాను. మా అమ్మకి ఇంట్లో ఒక్క ముక్క కూడా వినిపించలేదు. పండగ రోజు అందరితోపాటూ విని ఆశ్చర్యపోవాలని నా ఆశ.

క్రిస్మస్ పొద్దున చర్చిలో మొదటి పాదం నేను ఎత్తుకున్నాను. వంత పాడాల్సింది నేను నేర్పిన ఆడపిల్లలు. వాళ్ళకంటే ముందు, చాపల మీద కూర్చున్న ముసలివాళ్ళు అందుకున్నారు. వాళ్ళకి నేనేమీ నేర్పలేదు. మాటలు రాక ఊరికే రాగం తీస్తున్నారు, చివర సాగదీసి మరీ. అందరూ ఒకప్పుడు మా అమ్మతో కలిసి వరి ఊడ్పులకి వెళ్ళినవాళ్ళే. మూడో పాదం చివరికి వచ్చేసరికి అందరూ ఒక్కసారే ఆగి, కూర్చున్నచోటే నడుం ఎత్తి నిటారుగా అయ్యారు. మా అమ్మ కూడా.

పాట ఎలా ముగించానో గుర్తు లేదు. “ఈసారి ఏ సినిమానో పట్టుకోలేకపోయానమ్మా,” అన్నారు పాస్టరుగారు. ఏళ్ళ తరబడి ఆ మాట కోసమే కాచుకున్నాను. తీరా విన్నాక ఏడుపొచ్చింది. ఇది కూడా నాది కాదన్నమాట.

ఇంటికి నడుస్తూ, “మన నాట్ల పాట ఎవరు నేర్పారే నీకు?” అంది అమ్మ.

“ఎవరూ నేర్పలేదు. నాదే అనుకున్నాను,” అన్నాను కసిగా.

“ఎక్కడికి పోతుంది. చంటిపిల్లవి, గట్టు మీద గోనె పరిచి పడుకోబెట్టేదాన్ని. పొద్దుగూకేదాకా వింటూనే ఉండేదానివి.”

“మరి మధ్యలో ఆ ఆగడమేంటి? నెల రోజులు చంపుకు తింది నన్ను.”

“నడుం ఎత్తుకోవాలి కదా. వంగి వంగి పడిపోతాం లేకపోతే.” కాస్త దూరం నడిచాక, చెప్పాలా వద్దా అన్నట్టు మళ్ళీ అంది: “అక్కడ వాళ్ళు నడుం కోసం ఆగేవాళ్ళు. నేను గట్టు వైపు తిరిగి నిన్ను చూసుకునేదాన్ని.”