తలుపు వేసి చేసుకునే పండుగ

ఎడారి దేశంలో, ఇబ్రా అనే ఊళ్లో మా సైట్ సర్వేయర్ పోలండ్ వాడు, అరవై దాటిన మనిషి. డిసెంబరులో అందరితోపాటు కేకు తినేవాడు. జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం రూమ్ తలుపు వేసుకుని, ఒక్కడే మళ్లీ క్రిస్మస్ చేసుకునేవాడు.

“ఈ సారుకు ఒక్క పండుగ రెండుసార్లొస్తదా ఏంది?” అనేవాడు మా వంటమనిషి.

నేను టైమ్‌కీపర్‌ని. రెండువేల ఎనిమిదిలో ఆ సాయంత్రమే హాజరు పట్టీ మీద సంతకం కోసం వెళ్లి తలుపు తట్టాను. ఆయన కొవ్వొత్తి ఆర్పి, ఆ తర్వాతే తలుపు తీశాడు. నన్ను చూసి సిగ్గుపడి, మళ్లీ వెలిగించి కూర్చోమన్నాడు.

ఇద్దరిదీ సైట్లలో నేర్చుకున్న వచ్చీరాని హిందీయే. జనవరిదే తన అసలు పండుగ అన్నాడు. వాళ్లది పోలండ్‌లోనే ఉక్రెయిన్ భాష మాట్లాడే ఊరట, చర్చి కూడా వేరట, పాత క్యాలెండర్ లెక్కన క్రిస్మస్ జనవరిలోనట. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, తను తల్లి ఒడిలో ఉండగానే, ఊరంతా ఖాళీ చేయించి ఒక్కో ఇంటిని ఒక్కో మూలకు పంపారట.

మాదీ అలా లేచిపోయిన ముంపు ఊరే. అందుకే చప్పున అడిగాను.

“డ్యామ్ బనాయా క్యా, సార్?”

“నీళ్లు కాదు. సైన్యం వచ్చింది. తర్వాత మా చర్చినీ సర్కారు మూసేసింది. అమ్మ ఇంట్లోనే, తలుపు వేసి చేసేది.”

“ఇప్పటికీ నిషేధం ఉందా?”

“ఎప్పుడో తీసేశారు.”

“మరి తలుపెందుకు సార్?”

ఆయన కొవ్వొత్తి వత్తి సరిచేశాడు.

“తెరిస్తే అది మా అమ్మ చేసిన పండుగలా ఉండదు.”

నీళ్లు రాకుండా ఊరెలా మునుగుతుందో నాకు అంతుపట్టలేదు. బయటికొచ్చి, తలుపు దగ్గరికి వేయాలో తీసే ఉంచాలో తేలక, గడప దగ్గరే నిలబడిపోయాను.