వెదురు వరసల మధ్య మా వదిన

మా వియ్యపురాలు పోయిందన్న కబురు అందినప్పుడు నేను పూర్ణా మార్కెట్లో వంకాయలు ఏరుకుంటున్నాను. ఫోన్లో మా అబ్బాయి. "అమ్మా, అత్త పోయింది" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు, ఏడుపొక్కటే వినిపించింది. పొద్దున్నే చేనికి బయల్దేరబోతూ గుమ్మంలోనే కూలబడిపోయిందట. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా వాడు అలా ఏడవలేదు. దుఃఖం కంటే ముందు నాకు ఆ సంగతే తట్టింది. ఆవిడ బతికున్నంతకాలం ఆవిడంటే నాకు అసూయే. ఇది రాస్తున్నప్పుడూ ఉంది.

మాది కోనసీమ. మా ఆయనకి పోర్టులో ఉద్యోగం కావడంతో విశాఖపట్నంలో స్థిరపడ్డాం. మా నాన్న పొలం పక్కనే కాలవ పారేది. ఆయన పోయాక మా అన్నదమ్ములు ఆ పొలం అమ్మేశారు. మా వదినది (మేమిద్దరం వదినా అనే పిలుచుకునేవాళ్ళం) అనకాపల్లి అవతల మెట్ట. వాన పడితే పంట, లేకపోతే దుమ్ము. భర్త పోయాక ఆవిడ ఒంటిచేత్తో సేద్యం చేస్తూ, ఆ చేలో దూరం దూరంగా వరసలు తీసి వెదురు నాటించింది. మధ్యలో చోళ్ళు (అంటే రాగులే), కందులు, ఉలవలు. వేళ్ళు పంటలోకి పాకకుండా ప్రతి వరస పక్కనా కందకం తవ్వించింది. పడిన చినుకు ఆ కందకంలోనే ఇంకేది. చేలో అడవి పెంచుతోందని ఊళ్ళోవాళ్ళు నవ్వారట.

"సోడి కడుపుకి, ఎదురు కష్టానికి" అనేది ఆవిడ, వెదురుని వాళ్ళ యాసలో ఎదురంటూ.

మా అబ్బాయికి విశాఖలోనే, ద్వారకా నగర్లో ఉద్యోగం. పెళ్ళయి వేరు కాపురం పెట్టాక ఆదివారం వస్తే చాలు, అత్తగారి చేనికి పరిగెత్తేవాడు. నాకు ఏనాడూ మార్కెట్ సంచీ మొయ్యనివాడు అక్కడ వెదురు బొంగులు మోస్తున్నాడని కోడలు మురిసిపోతూ చెబితే నాకు ఒళ్ళు మండేది. ఏముందో చూద్దామని ఒకసారి నేనూ వెళ్ళాను.

అది వానలు మొహం చాటేసిన ఏడు. దారి పొడుగునా చేలు బీటలు తీసి ఉన్నాయి. సగం ఇళ్ళకి తాళాలు. జనం పట్నంలో తాపీ పనులకి వెళ్ళిపోయారు. మా వదిన చేలోనూ చోడి ఎండింది. కానీ వెదురు నీడన ఉలవ తీగలు పచ్చగా ఉన్నాయి. బొంగుల కోసం పట్నం నుంచి వచ్చిన వ్యాన్ ఒకటి గట్టు పక్కన ఆగి ఉంది. మా వాడు లుంగీ ఎగ్గట్టి, కత్తి పట్టుకుని పొదలో ఉన్నాడు.

"లేతదాన్ని ముట్టకు బాబూ, ముదురుదే కొయ్యి. లేతది వచ్చే ఏటిది" అంటోంది ఆవిడ. వాడేదో అన్నాడు. ఇద్దరూ పకపకా నవ్వారు. నా కొడుకు అంత గట్టిగా నవ్వుతాడని నాకు తెలియదు.

నన్ను చూసి, "ఏటి వదినా, ఎండలో నిలబడిపోనావ్? నీడకి రా" అని గ్లాసుడు చోడి అంబలి చేతికిచ్చింది.

"మా వాణ్ణి మీ చేను మింగేసింది వదినగారూ" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను గానీ నవ్వు రాలేదు.

ఆవిడా నవ్వలేదు. "నాను లాక్కోలేదు వదినా. సిన్నప్పుడు తాత కాలవగట్టు మీద తిప్పినాడంట గదా, పని సేత్తన్నంతసేపూ ఆ కబుర్లే. ఆ పొలం పోయిందని ఆడికింకా బెంగ. నీకు లేదేటి?"

గ్లాసెత్తి అంబలి తాగాను. పొలం పోయినప్పటి నుంచీ ఇంట్లో దాని ఊసెత్తింది లేదు. కాలవ నీళ్ళు పారే నేలే మాకు నిలవలేదు. ఈవిడ చుక్క నీరు లేని నేలని పట్టుకుని కూర్చుంది. నా అసూయ తగ్గలేదు, ఇంకా లోతుకి దిగింది.

ఆ తర్వాత మా వాడు ఆదివారం సాయంత్రాలు మా ఇంటికొచ్చి చేను కబుర్లు నాకూ చెప్పడం మొదలెట్టాడు, తాత కబుర్లతో కలిపి. "మీ అమ్మకి సెప్పు, ఆవిడకీ నేలుండేది" అని ఆవిడే పంపేదట. ఆ ఒక్క మాటకి ఆవిడకి రుణపడి ఉన్నాను. వానాకాలంలో వాడి చేత, నేలలోంచి అప్పుడే పొడుచుకొచ్చిన లేత వెదురు కొమ్ములు పంపి, వెంటనే ఫోన్ చేసేది. "ఉడకబెట్టి రెండు నీళ్ళు పారబోసి వండు వదినా, సేదు పోద్ది." వాడు ఆ కూర మారు వడ్డించుకుంటే, మెచ్చుకున్నది నా వంటనా, ఆవిడ కొమ్ములనా అని వాడి మొహం కేసి చూసేదాన్ని.

ఆవిడ లేని ఈ ఏడు, వానలు పడ్డాక చోడి నారు నాటడానికి వాడు సెలవు పెట్టాడు. నేనూ వెళ్ళాను. ఆవిడతో ఏళ్ళ తరబడి నాట్లు వేసిన ఆడవాళ్ళే వచ్చి, రెండు వెదురు వరసల మధ్య బారులు తీరి వంగారు. "దిగమ్మా, నువ్వూ నాలుగు మొక్కలెయ్యి" అని నన్ను చివర నిలబెట్టారు. బారు మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అక్కడ నిలబడమని నన్నెవరూ అనలేదు, వాళ్ళూ నిలబడలేదు. నాకెవరైనా అంత చోటు వదులుతారా అనుకుంటూ నారు నాటాను. మేం వెనక్కి జరిగినకొద్దీ ఆ ఖాళీ కూడా మాతో పాటే జరిగింది.

సాయంత్రం గట్టెక్కి చూస్తే, పచ్చటి నారు నడుమ, ఈ చివర నుంచి ఆ చివరదాకా, ఒక మనిషి వెడల్పున తడి నేల.