సుగుణ కలిపిన కథ

ఎనుమాముల మార్కెట్ దగ్గరి మా షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు సినిమాలు చూడరు, వింటారు. చూసే పని సుగుణది. మొదటి రోజే చూసొచ్చి, మర్నాడు పని చేస్తూనే కథంతా చెప్పాలి. ఆమె చెప్పిందంటే పొల్లు పోదని అందరికీ గురి. తూకం రాసే నేనూ కాటా పక్కనే చెవి అప్పగించి కూర్చునేవాణ్ణి.

ఆమధ్య ఒక భారీ సినిమా వచ్చింది. రాజుల కాలం నుంచి మరో గ్రహం దాకా ఐదు కథలు, ఐదింటిలోనూ ఒకడే హీరో. రెండేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన సుగుణ, తీరా చూసొచ్చి మొహం వేలాడేసుకుంది. ఎవరికి ఎవరు ఏమవుతారో అంతుపట్టలేదట. చివర ఐదుగురూ ఆకాశంలోకి చూశారట, లైట్లు వేసేశారట! ఇంత ఖర్చు పెట్టిన పెద్దమనుషులకు కథ ముగించడానికే తీరిక లేకపోయింది.

ఈ సంగతి ఆమె నాకు గేటు దగ్గర చెప్పింది. లోపల చెప్పడానికి పరువు అడ్డొచ్చింది. అర్థం కాలేదంటే రేపటి నుంచి వినేదెవరు? అందుకని ఐదు కథల్నీ ఒకే వంశం చేసేసింది. ఆఖర్న మరో గ్రహం నుంచి దిగిన మునిమనవడికి ముసలి అవ్వ ముద్ద కలిపి పెట్టింది. కట్టమ్మ ఏడ్చి, కారం చేతులతోనే కళ్లు తుడుచుకుని లబోదిబోమంది. నేనూ ముక్కు చీదాను. మిరప ఘాటని సర్దుకున్నాను.

అక్కడే కొంప మునిగింది. ఆ అవ్వను కళ్లారా చూడాలని ఆదివారం పదకొండు మంది ఆటోల్లో హన్మకొండ వెళ్లారు. సోమవారం మరియమ్మ మండిపడుతూ వచ్చింది.

"అవ్వ ముద్ద పెట్టేది కోసేసిండ్రు సుగుణక్కా! ఎందుకు కోసిండ్రని అడిగితే గేటాయన నవ్వుతాండు. ఇయ్యాల మల్ల పోయి మేనేజర్‌ను నిలదీద్దాం. నువ్వు ముందుండాలె."

సుగుణ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "వాళ్లేం కొయ్యలేదే. అవ్వను నేనే కలిపిన" అంది.

 కట్టమ్మ చేట పక్కన పెట్టింది.

"మరి పోయినేడు సినిమాల ఆ బాలింత బతికిందంటివి గదనే?"

సుగుణ తల దించుకుంది.

"సచ్చిపోయిందక్కా. గప్పుడు నీ బిడ్డ కాన్పుకు దవాఖానల ఉండె. నాకు నోరెట్ల వస్తది?"